ఆవిరి గండం

నాకు కోపం ఎక్కువ. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను అనొద్దు. ఆ కోపం వల్లనే నాకు కొరియా భాష వచ్చింది. వచ్చిందంటే అంత వచ్చిందని కాదు, ఆరు నెలల సర్టిఫికెట్టు వచ్చింది.

రెండు వేల దశకం మధ్యలో సంగతి. డిగ్రీ అయిపోయి హైదరాబాదులో మా పిన్ని వాళ్ళింట్లో ఉన్నాను. సాయంత్రం పూట విదేశీ భాషలు నేర్పే చోట జర్మన్‌లో చేరదామని వెళ్తే, ఫారాలు ఇచ్చే ఆయన నా మార్కుల కాగితాన్ని ఒకసారి, నన్ను ఒకసారి చూసి, తెలుగు మీడియం వాళ్ళు జర్మన్ తట్టుకోలేరమ్మా అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మీ దగ్గర అన్నిటికంటే కష్టమైనది ఏదో చెప్పండి అన్నాను. ఆయన పక్క కిటికీ చూపించాడు. అక్కడ క్యూ లేదు, ఈగలు తోలుకుంటున్న గుమాస్తా మాత్రం ఉన్నాడు. ఐదు నిమిషాల్లో కొరియా భాషకు ఫీజు కట్టేశాను. ఆ దేశం మ్యాపులో ఎక్కడుంటుందో తెలియదని బస్టాపు దాకా వచ్చాక గుర్తొచ్చింది.

అక్షరాలు సులువుగానే వచ్చాయి. రెండు డజన్లు ఉంటాయి, మన గుణింతంలాగే ఒకదానికొకటి అతికిస్తే మాట అవుతుంది. చిక్కంతా తర్వాత మొదలైంది. మనకు సంస్కృతం నుంచి మాటలు వచ్చినట్టే వాళ్ళకు బోలెడన్ని మాటలు చైనా నుంచి వచ్చాయట. చైనాలో ఒక్కో మాటకు బొమ్మలాంటి అక్షరం వేరు, పలికే రాగం వేరు. కొరియాకు వచ్చేసరికి ఆ రాగాలు దారిలో ఎక్కడో జారిపోయాయి. ఆ బొమ్మ అక్షరాలను వాడటం కూడా వాళ్ళు దాదాపు మానేశారు. మిగిలింది ఒట్టి శబ్దం. ఒక్కో శబ్దం మీద మూడేసి, నాలుగేసి అర్థాలు, మా ఊరి ఆటోలో జనంలాగా ఇరుక్కుని కూర్చున్నాయి.

సాగ్వా అంటే ఆపిల్ పండు. సాగ్వా అంటే క్షమాపణ. సూడో అంటే రాజధాని, కుళాయి నీళ్ళు కూడా సూడోనే. చొంగ్‌జొన్ అంటే కరెంటు పోవడం, మళ్ళీ యుద్ధంలో కాల్పులు ఆపడం కూడా అదే. ఇది మాత్రం నాకు వెంటనే నచ్చింది, మా ఇంట్లో కరెంటు పోతేనే అమ్మా నేనూ పోట్లాట ఆపేవాళ్ళం. ఇందో అంటే ఇండియా. సంతోషపడేలోపే టీచరు, రోడ్డు పక్కన ఫుట్‌పాత్‌ని కూడా ఇందో అనే అంటారని చెప్పింది. ఇంత పెద్ద దేశాన్ని తీసుకుపోయి ఫుట్‌పాత్ పక్కన కూర్చోబెడతారా అని ఆమెతో గొడవ పెట్టుకున్నాను. పాపం ఆమె ఏం చేస్తుంది, ఆమె ఏమైనా పెట్టిందా ఆ పేరు.

నన్ను గట్టెక్కించింది హైస్కూల్లో మా తెలుగు సారు నేర్పిన నానార్థాల బట్టీ. కరము అంటే చేయి, తొండము, కిరణము, పన్ను అని ఊగుతూ చదివించేవాడు. పరీక్షలో ఏది గుర్తొస్తే అది రాయండి, అన్నీ కరెక్టే అనేవాడు. నేనూ అట్లాగే ఎర్ర అట్ట వేసిన పొడుగు నోటు పుస్తకం కొని, పేజీకో శబ్దం రాసి, కింద దాని అర్థాలన్నీ వరసగా రాసుకుని ఊగుతూ బట్టీ పట్టాను. పరీక్ష పాసయ్యాను. పరీక్షలో అన్నీ కరెక్టే. బతుకులో మాత్రం ఒక్కటే కరెక్టని అప్పటికి నాకు తెలియదు.

సర్టిఫికెట్టు పట్టుకుని ఇంటికి వస్తే అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అమ్మ మా ఊరి అంగన్‌వాడీ టీచరు. ఆమె లెక్కలో లోకంలో ఉన్న ఉద్యోగం ఒక్కటే, టీచరు. బి.ఇడి. చెయ్యి, డీఎస్సీ రాయి, ఈ రెండు ముక్కలు తప్ప పొద్దున లేస్తే వేరే మాట లేదు. నాకేమో పిల్లల ముందు నిలబడి చాక్‌పీసు పట్టుకోవడం అంటే ఒళ్ళు జలదరించేది. నా కోపానికి నలభై మంది పిల్లల్ని అప్పజెప్పడం పాపం కూడాను.

అప్పుడు తగిలింది ఈ ఉద్యోగం. అశ్వారావుపేటలో బస్సు మారి ఇంకా కొంత దూరం పోతే, పామాయిల్ తోటల మధ్యలో ఒక చిన్న ప్రైవేటు ఫ్యాక్టరీ ఉండేది. పేరెందుకులెండి. వాళ్ళు కొరియా నుంచి కొత్త బాయిలర్ తెప్పించారు. దాన్ని బిగించడానికి అక్కడి నుంచే ఒక ఇంజినీరు వచ్చాడు. ఆయనకు ఇంగ్లీషులో యెస్, నో, స్పానర్ తప్ప ఏమీ రావు. భాష తెలిసిన మనిషి కావాలని వెతికితే ఆ చుట్టుపక్కల నేనొక్కదాన్నే దొరికాను. చెట్టు లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. మేనేజరు నన్ను మూడు నెలలకు పెట్టుకున్నాడు. బాయిలర్ ట్రయల్ ఏ గొడవా లేకుండా జరిగితే ఆఫీసులో పర్మనెంటు చేస్తానన్నాడు. అమ్మ కూడా ఒక ఒప్పందానికి వచ్చింది. ఉద్యోగం నిలబడితే సరే, లేకపోతే నోరు మూసుకుని బి.ఇడి. ఫారం నింపాలి. అంటే ఆ బాయిలర్ మండితే నేను బతుకుతాను, ఆరిపోతే టీచరునైపోతాను.

కొరియా సారుకు అరవై దగ్గర పడి ఉంటాయి. సన్నగా, మెడ చుట్టూ తువ్వాలుతో, అచ్చం మా వైపు రైతులానే ఉండేవాడు. మంచి మనిషి. నేను ఎంత తప్పు మాట్లాడినా తల ఊపేవాడు. ఆ తల ఊపడమే నా కొంప ముంచింది, అంతా బాగానే ఉందనుకున్నాను.

మొదటి వారంలోనే ఒకరోజు ఆయన బాయిలర్ పొయ్యిలో చిన్న మంట వేసి చూస్తూ యొన్గి, యొన్గి అని అరిచాడు. నేను పుస్తకం తీశాను. యొన్గి: పొగ, నటన, వాయిదా. నేను నిలబడ్డ వైపు పొగ లేదు. అక్కడ ఎవరూ నటించడమూ లేదు. ఇంకేం, వాయిదా అన్నమాట. పరుగున పోయి మేనేజరుకు ట్రయల్ వాయిదా పడిందని చెప్పాను. ఆయన హైదరాబాదు ఆఫీసుకు ఫోను చేసి చెప్పేశాడు. ఫోను పెట్టేలోపు గొట్టం సందులోంచి పొగ తిరగ్గొట్టి షెడ్డంతా నిండింది. అందరూ దగ్గుతూ బయటికొచ్చారు. మేనేజరు మళ్ళీ ఫోను చేసి, వాయిదా లేదు, పొగ ఉంది అని చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు ఆయన నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేదు. ఇంకొక్క గొడవ జరిగితే నీ దారి నువ్వు చూసుకో అన్నాడు.

మర్నాడు కొరియా సారు నన్ను బాయిలర్ పక్కన కూర్చోబెట్టి ఒక ఉపాయం చూపించాడు. వాళ్ళ దేశంలో పాతకాలం వాళ్ళకు అలవాటట. ఇలా రెండు అర్థాల మధ్య చిక్కుకున్నప్పుడు, ఎడమ అరచేయి చాపి, కుడిచేతి చూపుడు వేలితో దాని మీద ఆ చైనా అక్షరాన్ని రాసి చూపిస్తారట. సిరా లేదు, కాగితం లేదు, ఒట్టి వేలితో. పొగ అనే అక్షరానికి ఎడమ పక్క నిప్పు గుర్తు ఉంటుంది. నటనకు ఎడమ పక్క మూడు నీటి చుక్కలు ఉంటాయి. వాయిదాకు కింద పొడుగ్గా లాగిన తోక. నేను ఆయన చేతి మీదికి వంగి, వేలు ఎటు పోతుందో చూసి, నిప్పా, నీళ్ళా, తోకా అని పోల్చుకుని, పుస్తకంలో వెతికి, అప్పుడు తెలుగులో చెప్పాలి.

అన్నిసార్లూ కుదిరేది కాదు. పాంగ్హ్వా అని ఒక మాట ఉంది. నిప్పు అంటుకోకుండా చూడటం అని ఒక అర్థం, కావాలని నిప్పు పెట్టడం అని ఇంకొకటి. ఖర్మ చూడండి, రెండింటిలోనూ నిప్పు గుర్తు ఉంది. మొదటి అక్షరంలోనే తేడా. అది తెలుసుకోవడానికి ఆయన చేతిని నేను పావుగంట చూశాను. మొత్తానికి పని మాత్రం సాఫీగా నడవడం మొదలైంది. తప్పులు తగ్గాయి. మేనేజరు చూపు కూడా కాస్త మెత్తబడింది.

ఇక్కడే నాకు తెలియని ఇంకో కథ నడిచింది. షెడ్డు అవతల గెలలు దించే ముఠా ఉండేది, ఎక్కువ మంది ఆడవాళ్ళే. అడవి పల్లెల నుంచి వచ్చి పనిచేసేవాళ్ళు. పామాయిల్ గెల అంటే ఒళ్ళంతా ముళ్ళు. రాలిన పండ్లు ఏరి ఏరి వాళ్ళ చేతులు నారింజ రంగుకు తిరిగిపోయి ఉండేవి. వాళ్ళకు దూరం నుంచి రోజూ కనిపించింది ఏమిటంటే, కొరియా సారు చెయ్యి చాపుతాడు. నేను దాని మీదికి వంగి తదేకంగా చూస్తాను. తర్వాత పంచాంగంలాంటి ఎర్ర పుస్తకం తీసి పేజీలు తిప్పుతాను. పెదాలు కదుపుతూ వేళ్ళు లెక్కపెడతాను. ఏదో చెబుతాను. అప్పుడు గాని ఆయన లేచి బోల్టు తిప్పడు.

ఇంకేం అనుకుంటారు ఎవరైనా? నేను ఆయనకు చెయ్యి చూసి చెబుతున్నాననుకున్నారు. అంత దూరదేశం నుంచి వచ్చిన ఇంజినీరు ఈ పిల్ల చెయ్యి చూసి చెప్పందే బోల్టు ముట్టడని ముఠా అంతా పాకింది. పెద్ద మిషన్లు కట్టేవాడే నమ్మాడంటే పిల్లలో విషయం ఉందని తేల్చారు.

ముఠాకు పెద్ద ఒకావిడ ఉండేది. అందరూ పెద్దక్క అనే పిలిచేవారు. వయసు యాభై పైనే, మాట తక్కువ. ఒక మధ్యాహ్నం కుళాయి దగ్గర నేను టిఫిన్ డబ్బా కడుగుతుంటే వచ్చి నా ముందు చెయ్యి చాపింది.

"బిడ్డా, నాది గూడ జర చూడు."

ఏం చూడాలో అర్థమయ్యేసరికి నాకు ఒళ్ళు మండింది. నాకేం రాదు, నేనేమన్నా వీధులెంట తిరిగే సోదిదాన్నా, చదువుకున్నదాన్ని అని గట్టిగానే అనేశాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, సారుకైతే దినాం చూస్తవ్, మాకు చూడవ్ అని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం గేటు దాకా నడుస్తుంటే రోజూ పలకరించే ఆడవాళ్ళు ఒక్కరూ పలకరించలేదు. బస్సులో కూర్చుని నా నోటిని నేనే తిట్టుకున్నాను. నిజంగా సిగ్గేసింది.

మర్నాడు నేనే పోయి పెద్దక్క చెయ్యి పట్టుకున్నాను. బొటనవేలి మొదట్లో ముల్లు విరిగి లోపలే ఉంది, చుట్టూ వాచింది. ముందు పిన్నీసుతో ఆ ముల్లు తీశాను. తర్వాత ఏదో ఒకటి చెప్పాలి కదా. ఆ పొద్దునే కొరియా సారు, ఈ ఆడవాళ్ళు గ్లౌజులు ఎందుకు వేసుకోరు, వేసుకోమని వాళ్ళకు చెప్పు అని నన్ను వేధించి ఉన్నాడు. నేను చెప్పాను కూడా. ఎవరు వింటారు? గ్లౌజులు సంచులకు సంచులు మూలన పడి ఉన్నాయి. అదే నోటికొచ్చింది. నీ చేతిలో ముల్లు గండం ఉంది పెద్దక్కా, వట్టి చేత్తో గెల ముట్టొద్దు అన్నాను. ఆమె అవ్ అని తల ఊపి వెళ్ళిపోయింది. మూడో రోజుకల్లా ముఠా అంతా గ్లౌజులు వేసుకుని కనిపించింది. మేనేజరు గోడ మీద తను రాయించిన బోర్డు పనిచేసిందనుకుని ఆ బోర్డుకు మళ్ళీ రంగు వేయించాడు.

అబద్ధం రుచి మరిగితే ఆగుతుందా? మధ్యాహ్నం కుళాయి దగ్గర వరస మొదలైంది. ఒకరు బర్రె ఎప్పుడు ఈనుతుందని అడిగేవారు. ఒకరు కొడుకు పదో తరగతి గట్టెక్కుతాడా అని. ఒకాయనైతే పక్క పొలం వాడు గట్టు జరుపుతున్నాడు, వాడి చెయ్యి పట్టుకొస్తా చూడమన్నాడు. నేను ఎవరు ఏం అడిగినా చెయ్యి పట్టుకుని, కొరియా సారు ఆ వారం చెప్పమన్న జాగ్రత్తల్లోంచి ఒకటి తీసి చెప్పేదాన్ని. నీకు జారుడు గండం ఉంది, నూనె పడ్డ మెట్లు ఎక్కకు. నెత్తి మీద హెల్మెట్ ఉంటే శని కూడా దిగడానికి జాగా ఉండదు. బర్రె సంగతి తర్వాత, ముందు ఆ తువ్వాలు తిరిగే మిషన్ బెల్టు పక్కన వేలాడదియ్యకు. అన్నిటికంటే పెద్దది ఆవిరి గండం. ట్రయల్ నాడు బాయిలర్ చుట్టూ గీసిన సున్నపు గీత దాటితే ఎవరి రేఖా ఎవరినీ కాపాడదు అని అందరికీ చెప్పాను. వాళ్ళు నీటి గండం విన్నారు, పాము గండం విన్నారు. ఆవిరి గండం కొత్తది కాబట్టి భయంగానే తీసుకున్నారు.

అమ్మకు బస్సు కండక్టరు ద్వారా తెలిసింది. నువ్వు చెయ్యి చూస్తవంటగా అని అన్నం వడ్డిస్తూ అడిగింది. ఇరవై ఏండ్లు పిల్లల ముక్కులు తుడిచినా తనకు రాని పేరు నాకు రెండు నెలల్లో వచ్చిందని తెగ ఎత్తిపొడిచింది. చెప్పొద్దూ, నాకు ఆ పేరు కొంచెం తలకెక్కింది కూడా.

తలకెక్కినదే దించింది. బాయిలర్ మీద ముట్టుకోకూడని చక్రాలకు కొరియా సారు ఎర్ర రంగు వేయించాడు. ఆ సంగతి విడమరిచి చెప్పే ఓపిక లేక నేను ఆ మధ్యాహ్నం వరసలో ఉన్న అందరికీ, మీకు ఈ నెల ఎర్ర రంగు పడదు, ముట్టొద్దు అని ఒక్కటే మాట చెప్పి డబ్బా సర్దుకున్నాను. ట్రయల్‌కు ముందు రోజు పొద్దున గేటు దగ్గర గెలలతో ఐదు ట్రాక్టర్లు వచ్చి ఆగాయి. రెండు నీలం, మూడు ఎర్రవి. నీలం వాటిని దించేశారు. ఎర్ర వాటి జోలికి ఎవరూ పోలేదు. మేనేజరు ఎందుకని అడిగితే పడదన్నారు. ఎవరికి పడదంటే మాకు పడదన్నారు. ఎవరు చెప్పారంటే, పాపం అబద్ధం ఆడటం తెలియని మనుషులు, నా వైపు చూపించారు.

మేనేజరు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. నేను అంతా చెప్పేశాను. అరచేతి అక్షరాలు, ముల్లు, గండాలు, ఏదీ దాచలేదు. ఆయన, రేపు పెద్దవాళ్ళు హైదరాబాదు నుంచి వస్తున్నారు, ఫ్యాక్టరీలో సోది నడుస్తుందని తెలిస్తే ముందు పోయేది నా ఉద్యోగం అన్నాడు. ఇప్పుడే అందరి ముందూ నీకు ఏమీ రాదని ఒప్పుకో, లేకపోతే ఈ సాయంత్రమే బస్సెక్కు అన్నాడు.

నేను అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. ఒప్పుకోకపోతే ఉద్యోగం లేదు, బి.ఇడి. ఫారం ఇంట్లో అలమారలో తయారుగా ఉంది. ఒప్పుకుంటే ఆ గండాలన్నీ ఉత్తవైపోతాయి. రేపు కొత్త బాయిలర్‌కు పూజ. మా వైపు కొత్త మిషన్ వచ్చిందంటే ఊరుకుంటారా? ప్రతి మనిషీ దగ్గరికిపోయి పసుపు రాసి, కుంకుమ పెట్టి, హారతి కళ్ళకద్దుకుని, దాన్ని ముట్టుకుని దండం పెట్టుకోవాలి. సున్నపు గీత ఎవరికి కనిపిస్తుంది? గీత దాటి ఎవరూ రావద్దని కొరియా సారు నాకు పది సార్లు చెప్పాడు. నేను పది సార్లు తెలుగులో చెబితే ఎవరూ వినలేదు, చెయ్యి పట్టుకుని ఒక్కసారి అబద్ధం చెబితే విన్నారు. ఇప్పుడు ఆ అబద్ధమూ పోతోంది.

ట్రాక్టర్లు తూకం వేసే గట్టు మీద నన్ను నిలబెట్టారు. ముఠా అంతా కింద నిలబడింది.

"నాకు చెయ్యి చూసుడు రాదు," అన్నాను. "నేను చెప్పినయన్నీ కల్పించి చెప్పిన. అది జోస్యం కాదు, కొరియా సారు చెప్పమన్న జాగ్రత్తలు. గీత మాత్రం దాటకండి, మీ కాళ్ళు మొక్కుతా."

పెద్దక్క నన్ను ఒకసారి చూసి, కొంగు దులుపుకుని, ఎర్ర ట్రాక్టరు వైపు నడిచింది. మిగిలినవాళ్ళూ ఆమె వెనకే పోయి గెలలు దించడం మొదలుపెట్టారు. అంటే నా మాటలన్నీ గాలికి పోయినట్టేననుకున్నాను. షెడ్డు వెనక్కి పోయి ఏడ్చాను. కొరియా సారు వచ్చి ఏమైందన్నట్టు చూస్తే, నాకు అంత ఏడుపులో ఒక్క మాటే దొరికింది, సాగ్వా. ఆయన అరచేయి చాపి వేలితో ఒక అక్షరం రాసి, క్షమాపణా అన్నట్టు చూశాడు. ఇంకోటి రాసి, పండా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు. ఏడుస్తూనే నవ్వొచ్చింది. ఆ మనిషికి వేళాకోళం తెలుసని నాకు అప్పుడే తెలిసింది.

మర్నాడు పొద్దున బాయిలర్ ముందు అరటిపండ్లు, కొబ్బరికాయలు, బంతిపూల దండ అన్నీ పెట్టారు. హైదరాబాదు వాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. పంతులు మంత్రం చదివి, హారతి పళ్ళెం అక్కడే నేల మీద పెట్టి పక్కకు తప్పుకున్నాడు. ఇక జనం మీద పడతారని నేను గీత వైపే చూస్తున్నాను. ఒక్కరు కూడా కదల్లేదు. ముఠా అంతా సున్నపు గీత అవతల, చేతులకు గ్లౌజులతో, నెత్తి మీద హెల్మెట్లతో, అక్కడి నుంచే దండం పెట్టారు. ఇద్దరు కుర్రవాళ్ళు ముందుకు రాబోతే పెద్దక్క చొక్కాలు పట్టి వెనక్కి లాగింది.

కొరియా సారు ఆవిరి పెంచాడు. ఆవిరి ఒత్తిడి చూపే గేజీలో ముల్లు పైకి పాకుతూ పోయింది. ఉన్నట్టుండి పక్క మూత దగ్గర రబ్బరు బిళ్ళ తన్నుకుని, బుస్సుమని ఆవిరి ఎగదన్నింది. హారతి పళ్ళెం ఎగిరి గోడకు కొట్టుకుంది. బంతిపూల దండ రేకులై షెడ్డంతా రాలింది. హైదరాబాదు వాళ్ళ కుర్చీలు ఖాళీ అయ్యాయి, మనుషులు గేటు దగ్గర తేలారు. సారు చక్రం తిప్పి ఆవిరి కట్టేసేసరికి నైవేద్యానికి పెట్టిన అరటిపండ్లు ఉడికిపోయి ఉన్నాయి. మనుషుల్లో ఒక్కరికీ బొబ్బ కూడా లేదు. పసుపు రాయడానికి వస్తే జనం ఎక్కడ నిలబడేవాళ్ళో సరిగ్గా అక్కడే ఆ ఆవిరి తగిలింది. సాయంత్రానికి కొత్త బిళ్ళ వేసి, బాయిలర్‌ను గొడవ లేకుండా నడిపించారు.

మేనేజరు నన్ను మళ్ళీ గదిలోకి పిలిచాడు. పర్మనెంటు అన్నాడు. కాకపోతే ఆఫీసులో కాదు. రోజూ పొద్దున ముఠాను కూర్చోబెట్టి జాగ్రత్తలు నేర్పాలి, బోర్డు, చాక్‌పీసు ఇప్పిస్తాను అన్నాడు. ఎక్కడికి పారిపోయినా చివరికి టీచరు ఉద్యోగమే నా కాళ్ళకు చుట్టుకుంది. అమ్మకు ఈ ముక్క ఎట్లా చెప్పాలా అని ఆలోచిస్తూ లేవబోతుంటే, ఆయన తలుపు వైపు ఒకసారి చూసి, టేబుల్ మీద నెమ్మదిగా అరచేయి పెట్టాడు. నీకు రాదని తెలుసు, ఊరికే, ట్రాన్స్‌ఫర్ సంగతి ఏమన్నా కనిపిస్తుందేమో అన్నాడు. మీకు ఎర్ర రంగు పడదు సార్ అని చెప్పి వచ్చేశాను. ఆయన మోటారుసైకిలు ఎర్రది.

బయట కొరియా సారు నా చేతిలో ఒక ఆపిల్ పండు పెట్టి వెళ్ళిపోయాడు. దాన్ని పట్టుకుని కుళాయి దగ్గరికి వచ్చాను. పెద్దక్క చేతులు కడుక్కుంటోంది. నాకు ఆగలేదు. అన్నీ అబద్ధాలని నిన్ననే చెప్పాను కదా, మరి గీత ఎందుకు దాటలేదని అడిగాను.

"నీకు చెయ్యి చూసుడు రాదని నాకు మొదటి దినమే ఎరుక," అంది పెద్దక్క. "చూసేటోళ్ళు ఆడోళ్ళకు ఎడమ చెయ్యి చూస్తరు. నువ్వు కుడి చెయ్యి పట్టినవ్."

"మరి ఎందుకు విన్నరు?"

"బోర్డు గోడకు చెప్తది. సార్లు కాయితం చూసి చెప్తరు. నువ్వు ముల్లు తీసి, చెయ్యి పట్టుకుని చెప్పినవ్. ఇరవై ఏండ్ల కూలిల నా చెయ్యి పట్టుకుని గట్ల చెప్పినోళ్ళు లేరు బిడ్డా."

నా కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియదు. ఆమె తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని నా ముందు చాపింది, ఈసారి ఎడమది. అందులో ముల్లు లేదు. చెప్పడానికి నా దగ్గర గండమూ లేదు. అయినా షిఫ్టు సైరన్ మోగేదాకా పట్టుకునే కూర్చున్నాను.